వర్సిటీ మెయిల్ క్లౌడ్‌కు.. తాళం ఎవరి చేతిలో?

విశ్వవిద్యాలయంలో అధ్యాపకునికైనా, గుమాస్తాకైనా సంస్థ పేరుతో ఉన్న ఈ-మెయిల్ చిరునామా రెండో గుర్తింపు కార్డు వంటిది. పరిశోధన పత్రం పత్రికకు పంపాలన్నా, నిధులిచ్చే సంస్థతో ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలన్నా, పరీక్షల విభాగం నుంచి పిలుపు అందాలన్నా దారి అదే. ఒకప్పుడు ఈ మెయిళ్లన్నీ వర్సిటీ ప్రాంగణంలోనే, కంప్యూటర్ కేంద్రం ఏసీ గదిలోని సర్వర్లలో ఉండేవి. గత రెండు దశాబ్దాలలో ప్రపంచవ్యాప్తంగా అనేక వర్సిటీలు వాటిని గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థల క్లౌడ్ సేవలకు తరలించాయి. తరలింపు పని కొద్ది రోజులలోనో, వారాలలోనో ముగుస్తుంది. ఆ మెయిళ్లు ఎవరి అధీనంలో ఉన్నట్లు, వాటిని ఎవరు చదవవచ్చు, ఇచ్చిన ఉచితం వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది అన్న వివాదాలు మాత్రం ఏళ్ల తరబడి సాగాయి.

క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండే వస్తువు కాదు. మరొకరి భవనంలో, మరొకరి సిబ్బంది పర్యవేక్షణలో నడిచే కంప్యూటర్లే. వర్సిటీ వాటిని ఇంటర్నెట్ ద్వారా వాడుకుంటుంది. అద్దె ఇంటికి, సొంత ఇంటికి ఉన్న తేడాయే ఇక్కడా ఉంది.

పెంచినవారే అప్పగించారు

ఈ-మెయిల్‌ను పెంచి పెద్ద చేసినవి ప్రధానంగా విశ్వవిద్యాలయాలే కావడం ఈ కథలోని విచిత్రం. మెయిళ్లను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరవేసే ‘సెండ్‌మెయిల్’ను రూపొందించిన ఎరిక్ ఆల్మన్ కాలిఫోర్నియా వర్సిటీ బర్కిలీ ప్రాంగణంవారు. సర్వర్‌లోనే మెయిళ్లు ఉంచి ఎక్కడి నుంచైనా చదువుకునే ‘ఐమ్యాప్’ పద్ధతికి 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ పునాది వేశారు. నేటికీ ప్రపంచంలో విస్తృతంగా వాడుకలో ఉన్న ‘ఎగ్జిమ్’ను 1995లో కేంబ్రిడ్జి వర్సిటీలో ఫిలిప్ హేజెల్ రాశారు. అదే కేంబ్రిడ్జిలో 1993 నుంచి సొంతంగా నడిచిన ‘హెర్మెస్’ మెయిల్ వ్యవస్థ చివరకు మూతపడగా, అక్కడి సిబ్బంది ఖాతాలు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు చేరాయి.

మన దేశంలోనూ విద్యాసంస్థలే ముందు నడిచాయి. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రారంభించిన ‘ఎర్నెట్’ ద్వారానే ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తొలినాళ్లలో మెయిళ్లు పంపుకొన్నాయి. నేడు ‘ఏసీ.ఇన్’తో ముగిసే చిరునామాలను కేటాయించే అధికారం కూడా ఎర్నెట్ ఇండియాదే.

మరి సొంత ఇల్లు ఎందుకు విడిచారు? కారణాలు సామాన్యమైనవే. ఒక్కొక్కరికి కొద్ది మెగాబైట్ల జాగా, నిండగానే మెయిళ్లు తిరుగుముఖం పట్టడం, పొంగిపొర్లే చెత్త మెయిళ్లు, సర్వర్ ఆగితే బాగుచేయగలిగిన మనిషి వర్సిటీ మొత్తానికి ఒక్కరో ఇద్దరో ఉండటం. కరెంటు కోతల రోజుల్లో ఆ కష్టం ఎంతటిదో మన కళాశాలల కంప్యూటర్ విభాగాలవారికి చెప్పనక్కర్లేదు. అటువంటి సమయంలో 2006 అక్టోబరులో గూగుల్ విద్యాసంస్థలకు ఉచిత సేవను ప్రకటించింది. అమెరికాలోని అరిజోనా స్టేట్ వర్సిటీ తొలుత విద్యార్థుల ఖాతాలతో అందులో చేరింది. మైక్రోసాఫ్ట్ అంతకు ముందే ‘లైవ్ ఎట్ ఎడ్యు’ పేరిట ఇటువంటి సేవ మొదలుపెట్టింది. విద్యార్థుల ఖాతాలు మారినప్పుడు పెద్దగా అభ్యంతరాలు రాలేదు. సిబ్బంది ఖాతాల దగ్గరే చిక్కు వచ్చింది.

లేక్‌హెడ్‌లో ఏం జరిగింది?

కెనడాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున థండర్ బే పట్టణంలో లేక్‌హెడ్ విశ్వవిద్యాలయం ఉంది. సొంత మెయిల్ వ్యవస్థ తరచూ మొరాయించడంతో 2006 చివరలో విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగుల ఖాతాలన్నింటినీ గూగుల్‌కు మార్చింది. ఖర్చు తగ్గింది, జాగా పెరిగింది. అయితే అధ్యాపకుల సంఘం దీనిని వ్యతిరేకించింది. అమెరికా సంస్థ చేతిలో ఉన్న మెయిళ్లను 2001 నాటి పేట్రియాట్ చట్టం కింద ఆ దేశ ప్రభుత్వం తెప్పించుకోగలదని, ఆ సంగతి మెయిల్ యజమానికి తెలియకుండానే జరగవచ్చని సంఘం వాదించింది. వ్యక్తిగత, వృత్తిపరమైన ఉత్తరప్రత్యుత్తరాలలో గోప్యత సభ్యుల హక్కు అని యాజమాన్యంతో కుదిరిన ఒప్పందంలో స్పష్టంగా ఉందని గుర్తు చేసింది. విద్యార్థుల మార్కులు సహా గోప్యమైన సమాచారాన్ని కొత్త మెయిల్‌లో పంపవద్దని అధ్యాపకులకు సూచించినట్లు అప్పట్లో కెనడా పత్రికలు రాశాయి. మార్కులు పంపకూడని మెయిల్ వర్సిటీకి ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది సహజంగా తలెత్తే ప్రశ్న.

వివాదం మధ్యవర్తి ముందుకు వెళ్లింది. 2009లో తీర్పు వర్సిటీకి అనుకూలంగా వచ్చింది. ఈ-మెయిల్‌కు పోస్టుకార్డుకు ఉన్నంత గోప్యతే ఉందని భావించుకోవాలని మధ్యవర్తి అభిప్రాయపడ్డారు. ఒప్పందంలోని హక్కు ఉన్నమాట నిజమే అయినా, సంపూర్ణ గోప్యతకు వర్సిటీ హామీ ఇచ్చినట్లు కాదని ఆ తీర్పు సారాంశం. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. కానీ రాజకీయ శరణార్థులపై పరిశోధన చేసే అధ్యాపకునికో, రోగుల వివరాలతో పనిచేసే వైద్య పరిశోధకునికో అది ఏ మాత్రం ధైర్యాన్నిచ్చే మాట కాదు.

మరుసటి ఏడాది ఇదే ప్రశ్న అమెరికాలోనూ తలెత్తింది. కాలిఫోర్నియా వర్సిటీ డేవిస్ ప్రాంగణం సుమారు 30 వేల మంది అధ్యాపకులు, సిబ్బంది కోసం జీమెయిల్‌ను ప్రయోగాత్మకంగా పరీక్షించి, గోప్యతపై అధ్యాపకుల ఆందోళనల నేపథ్యంలో 2010లో విరమించుకుంది. యేల్ వర్సిటీ కూడా ఆ ఏడాదే తన మార్పును వాయిదా వేసింది. విద్యాసంస్థల ఖాతాల్లోని మెయిళ్లను ప్రకటనల నిమిత్తం యంత్రాలతో వడగట్టడం పూర్తిగా మానుకుంటున్నట్లు గూగుల్ 2014 ఏప్రిల్‌లో గానీ ప్రకటించలేదు. అధ్యాపకుల అనుమానం ఉత్తదేమీ కాదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

తరలింపు జరిగే తీరు

మెయిల్ చిరునామాలో ‘ఎట్’ గుర్తు తరువాత ఉండే భాగం ఊరి పేరు వంటిది. ఆ ఊరి టపా ఏ పోస్టాఫీసుకు చేరాలో చెప్పే పట్టిక ఇంటర్నెట్‌లో ఉంటుంది. దాన్ని ‘ఎంఎక్స్ రికార్డు’ అంటారు. తరలింపు అంటే ప్రధానంగా ఈ పట్టికలో పోస్టాఫీసు పేరు మార్చడమే. ఊరి పేరు మారదు కాబట్టి ఉద్యోగుల చిరునామాలూ మారవు. అయితే పట్టికలోని వివరాన్ని ప్రపంచంలోని కంప్యూటర్లు కొన్ని గంటలు జ్ఞాపకం ఉంచుకుంటాయి. అందుకే అనుభవజ్ఞులు మార్పునకు ఒకటి రెండు రోజుల ముందే ఆ గడువును కొద్ది నిమిషాలకు తగ్గిస్తారు. లేకుంటే సగం మెయిళ్లు పాత ఇంటికి, సగం కొత్త ఇంటికి చేరతాయి. పాత సర్వర్‌ను వెంటనే కట్టివేయకుండా కొన్నాళ్లు నడపడం కూడా ఇందుకే.

పాత మెయిళ్లను ఐమ్యాప్ ద్వారా ఒక్కొక్క ఖాతా నుంచి నకలు తీస్తారు. ఈ పని ముందుగానే ప్రారంభించి, మార్పు జరిగిన రాత్రి మిగిలిన కొత్త మెయిళ్లను మాత్రం చేరుస్తారు. మొదట కంప్యూటర్ కేంద్రం సిబ్బంది, తర్వాత ఒక చిన్న విభాగం, ఆపై మిగిలినవారు అన్న వరుస మంచిది. ప్రవేశాలు, ఫలితాల వేళ ఈ పని పెట్టుకుంటే కోరి కష్టం తెచ్చుకున్నట్లే.

అసలు ఇబ్బంది కదలని వాటితోనే. ‘పాప్’ పద్ధతిలో మెయిళ్లు దించుకునే అలవాటున్న పాత తరం ఆచార్యుల ఉత్తరాలు సర్వర్‌లో ఉండవు. వారి బల్లపై ఉన్న కంప్యూటర్‌లోనే ఉంటాయి. సర్వర్‌ను ఎంత శ్రద్ధగా నకలు తీసినా అవి రావు. ఆ యంత్రం పాడైతే పదేళ్ల ఉత్తరాలూ పోయినట్లే. చిరునామాల పుస్తకం, క్యాలెండరు, మెయిళ్లను సర్దే నియమాలను విడిగా మార్చుకోవాలి. పాత సర్వర్ మీదుగా మెయిల్ పంపే యంత్రాలు మరికొన్ని ఉంటాయి. ప్రవేశాల వెబ్‌సైటు, గ్రంథాలయంలో పుస్తకం గడువు గుర్తు చేసే సాఫ్ట్‌వేర్, కాగితాలు స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్సు యంత్రం అటువంటివే. ఎవరూ గుర్తుంచుకోని ఇవే మార్పు మర్నాడు మూగబోతాయి. ఎక్కడి నుంచి వచ్చే మెయిల్ నిజమైనదో తెలిపే ‘ఎస్‌పీఎఫ్’, ‘డీకిమ్’ వివరాలను సరిచేయకుంటే వర్సిటీ పంపే నోటీసులే చెత్త మెయిళ్ల జాబితాలో పడతాయి.

తెలుగు శాఖలవారికి ఇంకొక చిక్కు ఉంది. యూనికోడ్ వాడుక పెరగక ముందు అను, శ్రీలిపి వంటి అక్షరాలతో టైపు చేసి పంపిన వ్యాసాలు పాత మెయిళ్లకు జతపరచి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అది తరలింపులో జరిగిన నష్టం కాదు, తరలింపు దాన్ని బాగుచేయనూ లేదు. పాత ఫాంటు ఉన్న యంత్రం పని చేస్తుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడమో, పీడీఎఫ్‌గా భద్రపరచుకోవడమో చేయాలి.

ఉచితం ఎంతకాలం?

తొలి ఒప్పందాలు కుదిరినప్పుడు అందరినీ ఆకర్షించింది జాగా. తర్వాతి ఏళ్లలో గూగుల్ విద్యాసంస్థలకు పరిమితి లేని నిల్వ ఇచ్చింది. వర్సిటీలు పదవీ విరమణ చేసినవారికి, పూర్వ విద్యార్థులకు సైతం జీవితకాల ఖాతాలు వాగ్దానం చేశాయి. 2021 ఫిబ్రవరిలో గూగుల్ ఆ మాట మార్చింది. 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు మాత్రమే ఉచితమని తేల్చింది. 20 వేల ఖాతాలున్న వర్సిటీలో ఇది ఒక్కొక్కరికి 5 గిగాబైట్ల చొప్పున వస్తుంది. మెయిళ్లు, డ్రైవ్‌లోని దస్త్రాలు, ఫొటోలు అన్నీ అందులోనే. మైక్రోసాఫ్ట్ సైతం 2024 ఆగస్టు నుంచి ఇటువంటి ఉమ్మడి పరిమితినే తెచ్చింది. చెల్లింపు లైసెన్సులకు మాత్రం కొంత అదనంగా ఇస్తోంది. ఫలితంగా అనేక దేశాల వర్సిటీలు పూర్వ విద్యార్థుల ఖాతాలను కుదించవలసి వచ్చింది. అప్పటికే సొంత సర్వర్లు తీసివేసి, నిర్వహించే సిబ్బందిని వేరే పనులకు మార్చిన సంస్థలకు బేరమాడే బలం లేకపోయింది.

మన చట్టాలు ఏమంటున్నాయి?

2005 నాటి సమాచార హక్కు చట్టం ‘సమాచారం’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో ఈ-మెయిళ్లను పేరుపెట్టి చేర్చింది. కాబట్టి ప్రభుత్వ వర్సిటీ అధికారిక మెయిల్ ఏ సంస్థ సర్వర్‌లో ఉన్నా, దరఖాస్తుదారుకు జవాబు చెప్పవలసింది వర్సిటీయే. ఉద్యోగి సొంత జీమెయిల్‌లో కార్యాలయ వ్యవహారాలు నడిపితే ఆ రికార్డు అతనితోపాటే వెళ్లిపోతుంది. ఆ మేరకు సంస్థ పేరుతో ఉన్న క్లౌడ్ ఖాతా మెరుగే. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలకు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం మరో షరతు పెట్టింది. ముందస్తు అనుమతి లేనిదే ప్రభుత్వ రికార్డులను దేశం దాటించరాదు. అధికారులు ప్రైవేటు మెయిళ్లు వాడటంపై కె.ఎన్.గోవిందాచార్య వేసిన వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ముందు ఈ చట్టమే చర్చకు వచ్చింది. 2015లో కేంద్రం ఈ-మెయిల్ విధానాన్ని గెజిట్‌లో ప్రకటించింది. తర్వాత కేంద్ర ఉద్యోగుల సుమారు 12 లక్షల ఖాతాలను చెన్నై సంస్థ జోహో వేదికపైకి మార్చారు.

సర్వర్లు మన దేశంలోనే ఉంటే సరిపోతుందా అన్నది కూడా ఆలోచించవలసిందే. ఐర్లండ్‌లోని మైక్రోసాఫ్ట్ కేంద్రంలో ఉన్న మెయిళ్ల కోసం అమెరికా ప్రభుత్వం చేసిన న్యాయపోరాటం సుప్రీంకోర్టులో ఉండగానే, 2018లో ఆ దేశం ‘క్లౌడ్ చట్టం’ చేసింది. దాని ప్రకారం అమెరికా సంస్థ అధీనంలోని సమాచారం ఏ దేశంలో ఉన్నా తగిన ఉత్తర్వుతో కోరవచ్చు. డబ్బాలు హైదరాబాద్‌లో ఉన్నా తాళం మరోచోట ఉండవచ్చన్నమాట.

అందుచేత ఒప్పందంపై సంతకం చేసే రిజిస్ట్రార్ ముందుగా చూసుకోవలసినవి ధర, జాగా కావు. డొమైన్ పేరు, దాని పట్టికను మార్చే అధికారం వర్సిటీ పేరిటే ఉండాలి. ఏ ఏజెన్సీ పేరునో, వెళ్లిపోయిన ఉద్యోగి సొంత ఫోన్ నంబరునో ముడిపడి ఉండరాదు. మెయిళ్లన్నింటినీ ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా తెరవగల రూపంలో వెనక్కి తీసుకునే హక్కు, అందుకు గడువు రాతపూర్వకంగా ఉండాలి. వేరొక చోట నకలు ఒకటి ఉంచుకోవాలి. ఉద్యోగి మెయిల్‌ను నిర్వాహకుడు ఏ సందర్భంలో, ఎవరి ఉత్తర్వుతో తెరవవచ్చో సిబ్బంది సంఘాలతో చర్చించి ముందే ప్రకటించాలి. లేక్‌హెడ్‌లో ఈ చర్చ మార్పు తరువాత జరిగింది. రిజిస్ట్రార్, పరీక్షల నియంత్రణాధికారి వంటి హోదాల మెయిళ్లను వ్యక్తుల పేరున కాక హోదా పేరునే ఉంచితే బదిలీలు, విరమణల వేళ చిక్కు రాదు.

పని పూర్తయ్యాక పాత సర్వర్ మిగులుతుంది. వర్సిటీలలో వాడుక తీరిన కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేయడం చాలాకాలం ఆనవాయితీ. ఆ డిస్కులలో వేలాది మంది మెయిళ్లు అలాగే ఉంటాయి. దస్త్రాలు తొలగించినంత మాత్రాన అవి చెరిగిపోవు. డిస్కును పూర్తిగా తిరగరాయాలి, లేదా విరగ్గొట్టాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ తర్వాత వాటిని నమోదైన పునర్వినియోగ సంస్థలకే అప్పగించవలసి ఉంటుంది.