ముసర లేదు

గిద్దలూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి రెండేళ్ళ తర్వాత పోయాను. కొట్టంలోకి అడుగుపెట్టగానే బర్రె చెవికి పసుపుపచ్చ బిళ్ళ కనిపించింది. దాని మీద పన్నెండు అంకెలు. "ఏందమ్మమ్మా ఇది?" అంటే, "దానిక్కూడా ఆధార్ కార్డు ఇచ్చినార్రా. ఇంక రేషన్ బియ్యం ఒకటే తక్కువ" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పడుకున్నాక తనే మళ్ళీ ఆ మాటెత్తింది. "మా నాయనుంటే ఆ బిళ్ళ ఎయ్యనిచ్చేటోడు కాదు. గొడ్లని లెక్కపెట్టేవాళ్ళు వస్తున్నారని తెలిస్తే సగం మందని కొండలోకి తోలేసేటోడు."

"సూది వేసేవాళ్ళొస్తే?"

"వాళ్ళొచ్చినా అంతే. ముసరొచ్చి రెండెద్దులూ పోయిందాకా అంతే."

ముసర అనే మాట నేను వినడం అదే మొదటిసారి. ఊరినుంచి తిరిగొచ్చాక ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నా తరానికి ఆ మాట ఎందుకు తెలియదో మెల్లగా అర్థమైంది. ఆ జబ్బు ఇప్పుడు భూమ్మీద లేదు. దాన్ని లేకుండా చెయ్యడానికి ఒక శతాబ్దానికి పైగా పట్టింది.

ముసరని ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్ అంటారు. మనుషుల్లో తట్టు తెప్పించే వైరస్‌కి ఈ వైరస్ దగ్గరి చుట్టం. ముందు జ్వరం, కళ్ళవెంట నీళ్ళు. తర్వాత నోట్లో పుళ్ళు. ఆపైన ఆగని పారుడు. చాలా పశువులు వారం పదిరోజుల్లో పోతాయి. తట్టుకుని బతికినదానికి జన్మలో మళ్ళీ రాదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల కంభం చెరువు కింది మాగాణి లాంటివి వదిలేస్తే మిగిలిందంతా వాన మీద బతికే నేల. వానపడిన నాలుగు రోజుల్లో అరక కట్టాలి. అరక కట్టడానికి ఎద్దులు లేకపోతే అదును పోతుంది, అదును పోతే ఏడాది పోతుంది. అమ్మమ్మ వాళ్ళింట్లో రెండెద్దులూ తొమ్మిది రోజుల తేడాతో పోయాయట. ఆ ఏడు వాళ్ళ నాయన కూలికి పోయాడు.

జబ్బుని ఎదుర్కోవడానికి ఊళ్ళకి తమ పద్ధతి ఒకటుండేది. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతల మీద రాసిన పుస్తకంలో తెలుగు ఊళ్ళ జాతరల గురించి చాలానే ఉంది. అమ్మవారికి బలి ఇవ్వడం, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ చల్లడం. మా వైపు పొలి చల్లడం అంటారు. అమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పొలి చల్లినాక ఊళ్ళోకి బయటి గొడ్డు రాకూడదు, ఊళ్ళో గొడ్డు బయటికి పోకూడదు. ఇప్పుడు మనం క్వారంటైన్ అనేదానికి ఇది చాలా దగ్గర. అయితే ఆ కట్టు పొలిమేర దాకానే. ఎండాకాలం మేత కోసం మందల్ని నల్లమలకి తోలుకుపోతే అక్కడ పది ఊళ్ళ గొడ్లు ఒకే మడుగులో నీళ్ళు తాగుతాయి. ముసరకి అంతకన్నా ఏం కావాలి?

ప్రభుత్వం రంగంలోకి దిగిన కథ ఇంగ్లండ్ నుంచి మొదలవుతుంది. 1865లో బయటి దేశాల నుంచి ఓడల్లో దిగిన పశువులతో ముసర లండన్‌కి చేరింది. బ్రిటన్ అంతటా లక్షల పశువులు పోయాయి. 1866లో పార్లమెంటు చట్టం చేసి, జబ్బు పశువుల్ని చంపించి, వాటి యజమానులకి పరిహారం ఇప్పించింది. అదే 1866లో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పశువ్యాధుల చట్టం ఒకటి వచ్చింది. అప్పుడు మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టేదాకా అక్కడే ఉన్నాయి. ఏడాది ఒకటే, కానీ అక్కడిలాగా చంపించి పరిహారమిచ్చే ఏర్పాటు ఇక్కడికి రాలేదు. హాలెన్ అనే పశువైద్యుడి ఆధ్వర్యంలో ఒక కమిషన్ వేసి, 1871లో నివేదిక తెచ్చారు. ప్రత్యేకంగా పశువైద్య శాఖ అంటూ రావడానికి 1890లు రావాల్సి వచ్చింది.

ఈలోగా మా ఊళ్ళకి ఇంకో ప్రభుత్వం వచ్చేసింది. అది అడవి శాఖ. 1882 మద్రాసు అటవీ చట్టంతో నల్లమల రిజర్వు అడవి అయింది. మందని కొండకి తోలాలంటే తలకింత పుల్లరి కట్టాలి. అంటే పశువు దగ్గరికి సర్కారు మనిషి వచ్చింది దాని నోరు తెరిచి చూడటానికి కాదు, తలలు లెక్కపెట్టుకోవడానికి. ఎర్రగొండపాలెం దాటితే మాకు పొరుగున పల్నాడు. 1921లో అక్కడి జనం పుల్లరి కట్టమన్నారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తూటాలకి నేలకొరిగాడు. ఇదంతా చదివాక అమ్మమ్మ వాళ్ళ నాయన మందని కొండలో దాచడం నాకు మూర్ఖత్వంగా అనిపించలేదు. ఖాకీ బట్టలేసుకుని పుస్తకం పట్టుకొచ్చినవాడు పన్నుకోసం వచ్చాడో, ప్రాణం పోయడానికి వచ్చాడో రైతుకి ఎట్లా తెలియాలి?

రైతు కన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు ఇంకొకళ్ళున్నారు. చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోవడం మాదిగలకి ఊరు వేసిన వెట్టి. దాని తోలు వాళ్ళ బతుకు. కరువు రోజుల్లో దాని మాంసం వాళ్ళ కూడు. రోగంతో చచ్చినదాన్ని తోలుతో సహా పూడ్చాలి అనేది పశువైద్యం చెప్పే సరైన మాటే. ఆ మాట అమలైతే ఖర్చెవరిది? ఊళ్ళో అందరికన్నా లేనివాళ్ళది. ఉత్తరాదిలో అయితే సంగతి ఇంకా ఘోరం. తోళ్ళ కోసం చర్మకారులే గొడ్లకి పాషాణం పెడుతున్నారని వలస ప్రభుత్వపు పోలీసులు దశాబ్దాలపాటు వాళ్ళ వెంటపడ్డారు. చరిత్రకారుడు సౌరభ్ మిశ్రా ఈ వ్యవహారం మీద వివరంగా రాశాడు. 1927లో మహద్‌లో చచ్చిన గొడ్డు మాంసం మానేయమని అంబేద్కర్ తన వాళ్ళకి చెప్పినప్పుడు ఆయన మాట్లాడింది గౌరవం గురించి. ఆ కూడు వాళ్ళు ఎంచుకున్నది కాదు. ఆహార భద్రత అనే మాట విన్నప్పుడల్లా నాకిప్పుడు ఈ ప్రశ్నే ముందు వస్తుంది. ఎవరి పళ్ళెం గురించి మాట్లాడుతున్నాం, ఆ జాగ్రత్త ఖర్చు ఎవరు మోస్తున్నారు?

ముసర కథలో మలుపు మళ్ళీ ఓడల మీదే వచ్చింది. బ్రెజిల్ దేశం అప్పటికే మన పశువుల్ని కొనుక్కుపోతోంది. మన ఒంగోలు జాతి అక్కడ నెలోరి అనే పేరుతో స్థిరపడింది. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కి పోతున్న పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో ఆగాయి. వాటితోపాటు ముసర దిగింది. యూరప్ గడగడలాడింది. దాని ఫలితంగా 1924 జనవరిలో 28 దేశాలు పారిస్‌లో కూర్చుని అంతర్జాతీయ పశువ్యాధుల కార్యాలయాన్ని పెట్టుకున్నాయి. ఈరోజు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అంటున్నది దాన్నే. ఒక దేశంలో జబ్బు పుడితే మిగతావాళ్ళకి చెప్పాలి అనేదే దాని మొదటి నియమం.

మందు మాత్రం మన దగ్గరే దొరికింది. హిమాలయాల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ ముసర వైరస్‌ని మేకలకి ఎక్కించి, మళ్ళీ మళ్ళీ ఒక మేక నుంచి ఇంకో మేకకి మార్చి, దాని పదును తగ్గించాడు. 1920ల చివరికి అది చవకైన టీకా అయింది. 1932లో మద్రాసు ప్రభుత్వం రాణిపేటలో సీరం తయారీ సంస్థ పెట్టింది. 1954లో దేశమంతటా ముసర నిర్మూలన పథకం మొదలైంది. టీకా మందు చెడిపోకుండా ఐసులో పెట్టుకుని, రోడ్డు లేని ఊళ్ళకి నడిచిపోయి, గొడ్డుని కొమ్ములు పట్టి వంచి సూది పొడిచినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అమ్మమ్మకి గుర్తున్నది ఒక్కటే. "చలిపెట్టె మోసుకోనొచ్చేటోళ్ళు. రెండెద్దులూ పోయినాక మా నాయనే ఎదురుపొయ్యి పిలుచుకొచ్చినాడు."

అయినా పని తేలిగ్గా తెమల్లేదు. ఉత్తరాన తగ్గిపోయినా, దక్షిణాది నాలుగు రాష్ట్రాల్లో ముసర మొండిగా నిలబడింది. సంతల మీదుగా, మేత దారుల మీదుగా తిరుగుతూనే ఉంది. 1987లో తమిళనాడులో గొర్రెల్లో అచ్చం ముసరలాగే కనిపించే ఇంకో జబ్బు, పీపీఆర్, బయటపడింది. అంటే అన్నాళ్ళూ గొర్రెల్లో ముసర అనుకున్నదంతా ముసరేనా అన్న చిక్కు వచ్చిపడింది. దేశంలో ముసర చివరిసారి కనిపించింది 1995లో, తమిళనాడులోనే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. జబ్బు పోయిందని రుజువు చెయ్యాలంటే ముందు టీకా ఆపాలి. టీకా వేసిన పశువు నెత్తుట్లో, జబ్బుపడి లేచిన పశువు నెత్తుట్లో ఒకే గుర్తులుంటాయి, తేడా తెలియదు. అన్నేళ్ళు కాపాడిన సూదిని పక్కన పెట్టి, ఊరూరూ తిరిగి వెతకాలి. పశువైద్య సిబ్బంది ఊళ్ళోకి పోయి, పశువుల్ని చూసి, నోట్లో పుళ్ళూ పారుడూ ఉన్నవాటి గురించి వాకబు చేసి, సంతదారుల్లో మందల్ని ఆపి చూసి, నెత్తురు నమూనాలు తీసి, చివరికి కాగితం మీద రాసేది ఒకే మాట. లేదు. పక్క ఊళ్ళో లేదు. ఆ పక్క ఊళ్ళోనూ లేదు. ఏళ్ళ తరబడి లేదు, లేదు అని రాస్తూ పోయారు. ఆ కాగితాలన్నీ కలిపితే 2006లో భారతదేశం ముసర లేని దేశమైంది. 2011లో భూమి మీదే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రెండో జబ్బు అది.

ఆ మాటకి విలువ ఎక్కడినుంచి వచ్చింది? రాసినవాడు పోయి చూసి రాశాడు కాబట్టి వచ్చింది.

ఇప్పటి సంగతికొస్తాను. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది, 2011 నుంచి అమల్లో ఉంది. దాని కింది నిబంధనల ప్రకారం కోసేముందు జీవాన్ని, కోసిన తర్వాత మాంసాన్ని పశువైద్యుడు చూడాలి. కబేళాల మీద 2001లో చేసిన నియమాలైతే ఇంకా స్పష్టం. ఒక వైద్యుడు గంటకి 12, రోజుకి 96 పశువులకి మించి పరీక్షించకూడదు. అంతకు మించితే అది చూడటం కాదని చట్టానికే తెలుసు. మొన్న ఆదివారం ఒక చిన్న పట్టణంలో మాంసం కొట్టు ముందు నిలబడి, "డాక్టరు ముద్రేది అన్నా?" అని అడిగాను. కొట్టాయన నన్నొక వింతలాగా చూసి, "ముద్రేంది తమ్ముడా, పొద్దున మా ఇంటిముందర కట్టేసిన పొట్టేలే గదా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. రోజుకి 96 అని రాసినవాళ్ళు ఆ కొట్టుకి రోజుకి ఒక్కదాన్ని చూసే మనిషిని కూడా పంపలేదు.

తప్పంతా అవతలివాళ్ళదే అనడానికి మాకూ లేదు. పోయినేడు అమ్మమ్మ బర్రెకి పొదుగువాపు వచ్చింది. యాంటిబయాటిక్ సూదులు వేసి, కొన్నాళ్ళు పాలు కేంద్రంలో పొయ్యొద్దన్నారు. మందు శేషం పాలల్లోకి దిగుతుంది. అమ్మమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ఒక రోజు పారబోసినా. మర్నాడు పోసేసినా. ఆ పాల దుడ్డు ఎవురిస్తార్రా నాకు?" కేంద్రంలో వెన్న శాతం చూశారు, మందు చూడలేదు. మందు లేదు అని ఎక్కడో ఒకచోట నమోదయ్యే ఉంటుంది. 1866లో ఇంగ్లండ్ రైతుకి పరిహారం దక్కింది, నా అమ్మమ్మకి అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. ఆమెకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ పాలు నాలాంటివాళ్ళ ఊళ్ళకే వస్తాయి.

పసుపు బిళ్ళ 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకంలో భాగం. గాలికుంటుని 2030కల్లా లేకుండా చెయ్యాలని లక్ష్యం. అంటే మళ్ళీ ఊరూరూ తిరిగి లేదు అని రాయాల్సిన పని.

నేను బయల్దేరే రోజు పొద్దున గాలికుంటు టీకా వెయ్యడానికి సచివాలయం నుంచి ఓ అమ్మాయి వచ్చింది. నిండా పాతికేళ్ళుండవు. బిళ్ళ మీద అంకెలు ఫోన్లో కొట్టుకుంది. నేను ఇంక వెళ్ళిపోతుందనుకున్నాను. ఆ అమ్మాయి ఫోన్ జేబులో పెట్టుకుని, బర్రె దవడ పట్టుకుని నోరు తెరిపించి చూసింది. వంగి నాలుగు కాళ్ళ గిట్టల సందులూ చూసింది. తర్వాత సూది వేసింది. అప్పుడు రాసుకుంది.

"మా నాయనుంటే నీకు మజ్జిగిచ్చేటోడమ్మా" అంటూ అమ్మమ్మ చెంబు తేవడానికి లోపలికి పోయింది.