జడ్జి జేబులో సీడీ

ఈ ఎపిసోడ్‌లో కారు ఆడియో పోటీల గురించి మాట్లాడుకుందాం. కార్లో పాటలు వినడానికి కూడా పోటీ ఏంటి, అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి, 2002లో డల్లాస్‌లో మా రూమ్మేట్ ఒక పోటీకి వెళ్లి మొహం వేలాడేసుకుని వచ్చేదాకా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ పోటీలు అమెరికాలో 1980లలో ఊపందుకున్నాయి. అప్పటిదాకా కారంటే రేడియో, క్యాసెట్టు. 1984లో పయనీర్ కంపెనీ కారు సీడీ ప్లేయర్ తెచ్చింది. దాంతో పోటీ పెట్టేవాళ్లకి ఒక పెద్ద చిక్కు తీరింది. క్యాసెట్టయితే టేపు ఎంత అరిగిందో, హెడ్డుకి ఎంత మురికి పట్టిందో చెప్పలేం. సీడీ అలా కాదు. మొదటి కారులో వేసినా, యాభయ్యో కారులో వేసినా అందులో ఉన్న అంకెలు అవే. తేడా వినిపించిందంటే అది కారుదే. అందుకే ఐయాస్కా లాంటి సంస్థలు సొంత టెస్టు సీడీలు తయారుచేసుకున్నాయి. జడ్జి ఆ సీడీతో కారులో కూర్చుంటాడు. గాయని గొంతు ఎదురుగా, డ్యాష్‌బోర్డు మీద నుంచి వస్తోందా, కాళ్ల దగ్గర నుంచి వస్తోందా? డ్రమ్ము ఏ పక్కన ఉంది? బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టారా లేదా? అన్నిటికీ మార్కులే.

డీబీ డ్రాగ్ అని ఇంకో రకం కూడా ఉంది. దానికి సంగీతంతో పనిలేదు, మోత ఎంతన్నదే లెక్క. 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు చెయ్యాలి. కారు వణికితే శబ్దం పోతుందని లోపల కాంక్రీటు పోసినవాళ్లున్నారు! నాకైతే అది వింతే గానీ వినడం కాదు, వదిలేద్దాం.

ఇంతలో ఎంపీ3 వచ్చింది. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు ఉంటాయి. ఆ రోజుల్లో మనం చేసుకున్న ఎంపీ3లో మామూలుగా 128. అంటే పదకొండో వంతు. చెవి పట్టుకోలేదనుకున్నదాన్ని తీసి పారేస్తారన్నమాట. 1998లో ఎంపీమ్యాన్, డైమండ్ రియో వచ్చాయి, 32 ఎంబీ మెమరీతో. పట్టేది అరగంట పాటలే. అయినా రియో మీద అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది, 1999లో అప్పీళ్లలో ఓడిపోయింది. అదే ఏడాది ఇంగ్లండులో ఎంపెగ్ అనే చిన్న కంపెనీ హార్డ్ డిస్కుతో, లైనక్సుతో నడిచే కారు ప్లేయర్ అమ్మింది. డ్యాష్‌బోర్డులోంచి ఊడబెరికి ఇంటికి తీసుకెళ్లి పాటలు నింపుకోవచ్చు. ఎంత ముందుచూపో! 2001కల్లా ఆగిపోయింది, ఐపాడ్ వచ్చిన ఏడాదే.

ఇప్పుడు మా రూమ్మేట్. నెల్లూరువాడు. హైదరాబాదు నుంచి తెచ్చిన ఎంపీ3 సీడీలు, ఒక్కోదాంట్లో 150 పాటలు, వాటితోనే మూడు నెలలు కారు ట్యూన్ చేశాడు. "ఒరేయ్, వాళ్ల టెస్టు సీడీ కొనుక్కుని ఒకసారి విను" అన్నాను. "దండగ, పాట పాటే" అన్నాడు. 128 దగ్గర పైస్థాయి శబ్దాలు, దాదాపు 16 కిలోహెర్ట్జ్ దాటినవి, ఎన్‌కోడర్లు మామూలుగా కోసేస్తాయి. వీడికి పాట డల్‌గా అనిపించి ట్రెబుల్ పెంచుకుంటూ పోయాడు. పోటీ రోజు జడ్జి తన సీడీ వేశాడు. తాళాలు మోగేసరికి ఆయన మొహం చిట్లించాడట. అసలు సీడీలో ఆ శబ్దాలన్నీ ఉన్నాయి కదా, వాటి మీద వీడి ట్రెబుల్ కూడా తోడైంది. స్పీకర్లకీ వైర్లకీ మంచి మార్కులే పడ్డాయి. ధ్వని దగ్గర మునిగాడు.

"ఆయన సీడీ పాడైపోయిందేమోరా" అన్నాడు నాతో. వారం తర్వాత అదే సీడీ తనే కొన్నాడు. ట్రెబుల్ గుండీని మధ్యకి తిప్పి, ఆ రాత్రి పార్కింగ్ లాట్‌లో ఒక్కడే కూర్చుని రెండు గంటలు విన్నాడు. నన్ను పిలవలేదు.