ఉమ్మెత్త పొగ నుంచి 108 దాకా

మా అంగలకుదురులో ఉబ్బసానికి ఒక కాలం ఉండేది. వరికుప్పలు నూర్చే పుష్యమాసం అది. పగలంతా కళ్లాల్లో లేచిన దూగర, తెల్లవారుజాము మంచు, పిడకల పొయ్యి పొగ కలిస్తే మా నాన్నకు పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకోలేక మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడు. తెనాలి పక్కనే ఉన్నా, అర్ధరాత్రి ఊపిరాడని మనిషికి ఆ కాస్త దూరమే ప్రాణగండం. ఆ దూరాన్ని ఏ కాలంలో ఎలా దాటారన్నదే ఉబ్బస వైద్య చరిత్ర అని నా నమ్మకం.

నాయనమ్మ హయాంలో ఇంటివైద్యం ఉమ్మెత్త. ఎండిన ఆకును చుట్టలా చుట్టి పొగ పీల్చేవారు. దాన్ని నాటువైద్యమని తీసిపారెయ్యడానికి వీల్లేదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారి ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్‌కు ఈ పొగ గుణం తెలుసు. ఆయన ద్వారా తెలుసుకున్న జనరల్ జెంట్ 1802లో ఆ మందును ఇంగ్లండుకు చేర్చాడు.  ఆ తర్వాత వందేళ్లకు పైగా యూరప్ మందుల షాపుల్లో ఉమ్మెత్త సిగరెట్లు అమ్ముడుపోయాయి. ఆకులోని అట్రోపిన్ బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది. కానీ ఒక మొక్కలో ఉన్నంత మందు ఇంకో మొక్కలో ఉండదు. మోతాదు మించితే మతి చలిస్తుంది, ప్రాణం మీదికీ వస్తుంది. అందుకే ఇప్పుడెవరూ దాని జోలికి పోకూడదు.

తర్వాత సూది వచ్చింది. జపాన్‌కు చెందిన తకమినే 1901లో అడ్రినలిన్‌ను వేరుచేసిన సంగతి ప్రకటించాడు. 1903కల్లా అది ఉబ్బసానికి వాడకంలోకి వచ్చింది. నేనెరిగిన కాలానికి మా ఊళ్లో ఆయాసమంటే డెరిఫిలిన్ ఇంజెక్షనే. సైకిలేసుకుని వెళ్లి ఆర్‌ఎంపీ డాక్టరును నిద్రలేపాలి, ఆయన వచ్చి సూదిని నీళ్లలో మరిగించాలి. ఈలోగా అమ్మ నాన్న వీపు రాస్తూ నిలబడేది. సూదికి లొంగకపోతే రిక్షాలో తెనాలి ప్రయాణం.

చేతిలో పట్టే పంపు (ఇన్‌హేలర్) 1956లో అమెరికాలో పుట్టింది. రైకర్ కంపెనీ అధిపతి జార్జ్ మైసన్‌ను ఉబ్బసమున్న ఆయన కూతురు అడిగిన ప్రశ్నే దానికి మూలం. 1969లో సాల్బ్యుటమాల్ వచ్చి, గుండె దడ అంతగా పెంచకుండా నిమిషాల్లో ఊపిరినిచ్చింది. మా వాళ్లేమో మృగశిర కార్తె కోసం ఎదురుచూసి, రైలెక్కి హైదరాబాద్ బత్తిని వారి చేపమందుకు వెళ్లేవారు. కొర్రమీను నోట్లో పెట్టి 1845 నుంచి ఉచితంగా ఇస్తున్న ఆ కుటుంబం మీద నాకు గౌరవముంది. కానీ ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. అర్ధరాత్రి ఆయాసానికి అది జవాబూ కాదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు కొన్నేళ్లలో పల్లెలకూ వచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు అది. రోగిని వైద్యం దగ్గరికి మోసుకెళ్లడం పోయి, వైద్యమే గుమ్మం ముందుకు వచ్చింది. బండిలో ఆక్సిజన్ ఉంటుంది, పెట్టడం తెలిసిన ఈఎంటీ ఉంటారు. ఆయాసం తీవ్రమైతే నెబులైజర్‌లో సాల్బ్యుటమాల్‌తో పాటు వేసే ఇప్రాట్రోపియం అట్రోపిన్ నుంచి తయారైనదే. మద్రాసు నుంచి సీమకెళ్లిన ఉమ్మెత్త గుణం కొలతకు లొంగి మందై తిరిగొచ్చిందన్నమాట.

అయినా బండి వచ్చేలోపు నిమిషాలు ఇంటివాళ్లవే. మనిషి ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి, చుట్టూ మూగకూడదు. స్పేసర్ తగిలించి సాల్బ్యుటమాల్ పంపు ఒక్కొక్కటిగా 4 నుంచి 10 సార్లు ఇవ్వాలి. పిల్లికూతలు ఆగినంత మాత్రాన తగ్గిందనుకోవద్దు. మనిషి అలసిపోయి ఛాతీ నిశ్శబ్దమైతే అది మరీ ప్రమాదం.

పంపు అలవాటైపోతుందని మా వీధుల్లో ఇప్పటికీ భయపడి దాచిపెడతారు. అది తప్పుడు భయం. రోజువారీ మందు మానకుండా వాడి, ఈ పంపును చేతికందేచోట ఉంచుకున్న ఇల్లు తెనాలికి ఎంత దూరమైనా వైద్యానికి దగ్గరే.