వెండి కరవు కన్న నోట్లు

లక్డీకాపూలునుండి సైఫాబాదు మీదుగా హుస్సేన్‌సాగరము వైపు సాగు రహదారిలో, కొద్దిపాటి నడకలోనే, ధనచరిత్రకు చెందిన రెండు నిలయములు కలవు: ఒకటి నేటి నోట్లకు జవాబుదారియైన రిజర్వు బ్యాంకు కార్యాలయము, రెండవది 1903లో నిజాము ప్రభుత్వము సైఫాబాదున నెలకొల్పిన టంకశాల. నాణెముల ముద్రణ చర్లపల్లికి తరలిపోయి చాలకాలమైనను, 2022లో ఆ పాత ప్రాంగణమున ఒక ప్రదర్శనశాల తెరవబడినది. పాత అమెరికా కాగితపు ద్రవ్యమును ప్రీతితో సేకరించువారికి ఈ వీథితో ఏమి పని యని పాఠకులు శంకింపవచ్చును. 1918వ సంవత్సరపు అమెరికా రెండు డాలర్ల నోటునకును, అదే యేట హైదరాబాదు సర్కారు వెలువరించిన ఉస్మానియా సిక్కా నోటునకును జన్మకారణ మొక్కటే. అది వెండి కరవు. ఈ రెండింటిని ఎదురెదురు పుటలలో అమర్చని సేకరణ, ఎంత వెలగలదైనను, నా దృష్టిలో అసంపూర్ణమే.

అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగిన 1861లో, సైన్యమునకు జీతములీయ బంగారము చాలక, అచటి సమాఖ్య ప్రభుత్వము డిమాండు నోట్లను అచ్చువేసెను. మరుసటి యేడు ఫిబ్రవరి 25న అబ్రహాము లింకను సంతకముతో అమలులోనికి వచ్చిన శాసనము, లోహముగా మార్చి యిత్తుమను హామీ లేకయే ఋణపరిష్కారమునకు చెల్లు నోట్లకు దారి తెరచెను. వెనుకవైపు ఆకుపచ్చ సిరా నుండుటచే ఈ నోట్లు గ్రీన్‌బ్యాకులుగా ప్రసిద్ధి కెక్కినవి. అదే 1861లో మన దేశమున బ్రిటిషు ప్రభుత్వము కాగితపు ద్రవ్యశాసనము చేసి, అంతవరకు కలకత్తా, బొంబాయి, మద్రాసు బ్యాంకుల చేతిలోనున్న నోట్ల అధికారమును తన కైవసము చేసికొనెను. ఒకచోట యుద్ధావసరము, మరొకచోట సామ్రాజ్యావసరము. రెండుచోట్లను కాగితము రాజముద్రను ధరించినది ఒక్క యేటనే.

అమెరికా నోట్లలో సేకర్తల మనసు దోచునవి 1929కి పూర్వపు పెద్ద పరిమాణపు నోట్లు. వానిని అచటివారు గుఱ్ఱపు కంబళ్లని ముద్దుగా పిలుతురు. ఊరూరి జాతీయ బ్యాంకులు తమ పేరు వేసికొని 1863నుండి 1935 వరకు వెలువరించిన నోట్లు ఒక శాఖ. 1878నుండి వచ్చిన వెండి పత్రములు మరొకటి: ఖజానాలో భద్రపరచిన వెండి డాలర్ల పూచీతో అవి చెలామణి యయినవి. ఆ వెండి పత్రములలో 1896 నాటి ఒకటి, రెండు, అయిదు డాలర్ల నోట్లను చూచినవారు అవి ద్రవ్యమని మరచి చిత్తరువులుగా చూతురు; విద్యాశ్రేణి యని పేరొందిన ఆ నోట్లపై చరిత్ర, విజ్ఞానము, విద్యుచ్ఛక్తి స్త్రీమూర్తులుగా చెక్కబడినవి. అంతకంటె అందమైన నోటును ఏ ప్రభుత్వమైనను ముద్రించెనని నేననుకొనను. అయినను మన కథకు ముఖ్యమైనవి ఆ సుందరులు కారు. ఆ నోట్లకు పూచీగా చీకటి కొట్లలో మూటలు గట్టియున్న వెండి డాలర్లు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున భారతదేశమునుండి గోధుమలు, జనపనార, తోళ్లు, నూనెగింజలు యుద్ధభూములకు ఎగుమతి యగుచుండగా, వాని వెలను రైతునకును, మెసపొటేమియాలోని సిపాయి జీతమును రూపాయిగానే చెల్లింపవలసి వచ్చెను. రైతు కాగితమును నమ్మలేదు; వెండి రూపాయి చేతబడినచో కుండలో పెట్టి పాతుకొనెను. అతని దోషము లేదు. కరవు వచ్చిననాడు ఆదుకొనునది ఆ లోహమే యని తరతరముల అనుభవము అతనికి నేర్పినది. మెక్సికోలో విప్లవము వలన గనుల పని కుంటువడి, వెండి ధర నానాటికి ఎగబ్రాకెను. 1917 నవంబరు 30న భారతదేశపు బ్రిటిషు ప్రభుత్వము ఐదవ జార్జి నాణెపు బొమ్మతో ఒక రూపాయి నోటును తెచ్చెను. కాని అది చాలలేదు. 1918 వసంతమునకు నోట్లను వెండిగా మార్చుకొనవలెనని జనము ఖజానాలను ముట్టడింపగా, రూపాయల నిల్వ ప్రమాదకరముగా అడుగంటినది.

అప్పుడు బ్రిటను చేయి చాచినది అమెరికా వంకకు. నెవాడా రాష్ట్రపు సెనేటరు కీ పిట్‌మన్ పేరుమీదుగా 1918 ఏప్రిల్ 23న వచ్చిన శాసనము, ఖజానాలోని వెండి డాలర్లను 35 కోట్ల వరకు కరగించుట కనుమతించెను. వాస్తవముగా కరగినవి 27 కోట్ల పైచిలుకు. అందు దాదాపు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండి, అనగా సుమారు 20 కోట్ల ఔన్సులు, బ్రిటనుకు అమ్ముడువోయి భారతదేశపు రూపాయలకై వచ్చినది. ఏ యేటి నాణెము లెన్ని కరగినవో లెక్క వ్రాయకపోవుటచే, పాత డాలర్లలో ఏది ఎంత అరుదో నేటికిని అచటి సేకర్తలు వాదించుకొనుచునే యుందురు.

డాలర్లు మూసలోనికి పోగా, వాని పూచీతో నడచు వెండి పత్రములను ఉపసంహరింపవలసి వచ్చినది. ఆ లోటును పూరించుటకే 1918 శ్రేణి ఫెడరల్ రిజర్వు బ్యాంకు నోట్లు పుట్టినవి. ఒక డాలరు నోటు వెనుక ధ్వజమును పట్టిన గ్రద్ద. రెండు డాలర్ల నోటు వెనుక సముద్రమును చీల్చుకొని పోవు యుద్ధనౌక. ఆ నౌక నోటును ఎంతో మోజుతో కొనువారు, దాని పుట్టుకకు కారణము గోదావరి, గంగా తీరముల రైతుల కుండలలో దాగిన వెండి యని తెలిసికొన్నచో, దానిని చేత పట్టుకొను తీరే మారును.

ఇక హైదరాబాదు. సంస్థానములు సొంత నోట్లు వేయుటను బ్రిటిషు ప్రభుత్వము ఎన్నడును ఇష్టపడలేదు. నిజాము ప్రభుత్వము అంతకుముందు చేసిన యత్నములు ఆ అనిష్టమునకే తగిలి నిలిచిపోయినవి. వెండి దొరకని 1918లో, యుద్ధమునకు హైదరాబాదు చేసిన సాయమును లెక్కించుకొని, బ్రిటిషు ప్రభుత్వము మెత్తబడెను. ఆ యేట చేసిన కరెన్సీ శాసనముతో 10, 100 రూపాయల నోట్లును, 1919లో 1, 5 రూపాయల నోట్లును, 1926లో 1000 రూపాయల నోటును వెలువడినవి. మొదట లండనులోని వాటర్లో సంస్థయు, పిమ్మట నాసికులోని ముద్రణాలయమును వానిని అచ్చొత్తినవి. ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడములలో విలువను వ్రాసి, ఫస్లీ కాలమానపు సంవత్సరమును వేసిన ఆ నోట్లు సంస్థానపు ప్రజలందరిని ఒక్క కాగితముపై పలుకరించినవి.

మన పెద్దలు సంస్థానపు రూపాయిని హాలీ యనియు, బ్రిటిషు రూపాయిని కల్దారనియు వ్యవహరించిరి. 7 హాలీలు 6 కల్దార్లకు సమానము. నూరు కల్దార్లకు 116 హాలీల 10 అణాల 8 పైలని వర్తకులు లెక్కగట్టిరి. ఇది పెత్తనముచేత పుట్టిన నిష్పత్తి కాదు. చార్మినారు ముద్రగల హాలీ రూపాయి తూకము 11.178 గ్రాములు, అందు వెండి నూటికి 81.8 పాళ్లు, కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 పాళ్లు. 7 హాలీలలోని వెండియు, 6 కల్దార్లలోని వెండియు ఇంచుమించుగా 64 గ్రాములే. సైఫాబాదు టంకశాల త్రాసు చెప్పిన ఈ సత్యమునే కాగితపు నోటును గౌరవించినది.

సంతకములను అనుసరించి ఈ నోట్లను కూర్చినచో సంస్థానపు చివరి మూడు దశాబ్దుల చరిత్ర కనులయెదుట నడచును. గ్లాన్సీ అను ఆంగ్లేయ ఆర్థికమంత్రితో ఆరంభము. పిదప హైదర్ నవాజ్ జంగు బిరుదుతో సంతకము చేసిన అక్బర్ హైదరీ. ఆపై గులాం మహమ్మదు, జాహిద్ హుసేను. వీరిలో గులాం మహమ్మదు తరువాత పాకిస్తాను గవర్నరు జనరలయ్యెను. జాహిద్ హుసేను ఆ దేశపు కేంద్ర బ్యాంకునకు తొలి గవర్నరయ్యెను. భారత ప్రభుత్వముతో 1947 నవంబరు 29న చేసికొన్న యథాతథ ఒడంబడిక సిరా యింకను ఆరకమునుపే, భారత కరెన్సీ సంస్థానమున చెల్లదని హైదరాబాదు ప్రభుత్వము ఆజ్ఞ వెలువరించెను. నిజాము పాలన చివరి ఘట్టపు సంతకము మొయిన్ నవాజ్ జంగుది. భారత సైన్యపు పోలీసుచర్య ముగిసిన పిదప, 1948 సెప్టెంబరు 20న, లండనులోని నిజాము ప్రభుత్వ ఖాతానుండి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను పాకిస్తాను రాయబారి ఖాతాకు బదిలీ చేయించినవాడును అతడే. ఆ ధనము భారత ప్రభుత్వమునకును నిజాము వారసులకును చెందునని బ్రిటను హైకోర్టు తీర్పు చెప్పునప్పటికి 2019 అక్టోబరు వచ్చినది. నోట్లపై సంతకముల వరుస చివరను స్వాతంత్ర్యయోధుడైన డాక్టరు మేల్కోటే సంతకము నిలుచును.

సంతకము పడని నోట్లకును ఒక విషాదచరిత్ర కలదు. 1922 మే 20న, ఇంగ్లండునుండి బొంబాయికి బయలుదేరిన ఈజిప్టు అను ఓడ, ఫ్రాన్సు తీరమున పొగమంచులో సీన్ అను నౌక ఢీకొనగా మునిగెను. ఎనుబదికి పైగా ప్రాణములు పోయినవి. బంగారముతోను వెండితోను పాటు హైదరాబాదు నోట్ల కట్టలును అందులోనుండెను. 1930లలో ఇటలీ గజ ఈతగాండ్రు ఆ బంగారమును వెలికితీయునప్పుడు, ఉప్పునీట నానిన ఈ కాగితములును పైకి వచ్చినవి. సముద్రపు మరక గల ఆ నోట్లను సేకర్తలు ప్రత్యేకముగ వెదకుదురు. వానిని కొనునప్పుడు ఆ మృతులను స్మరింపవలెనని నా కోరిక.

1861నుండి వెలువడిన అమెరికా సమాఖ్య ప్రభుత్వపు నోట్లు నేటికిని ముఖవిలువకు చెల్లును. హాలీ నోటునకు ఆ భాగ్యము లేదు. 1950నుండి భారత రూపాయి ప్రక్క నడచి, ఆ దశాబ్ది ముగియకమునుపే చెలామణి ముగించినది. కనుకనే దానిని కాపాడు బాధ్యత గృహస్థులపై ఎక్కువ. తెలంగాణలో ఏ పాత పెట్టెలోనైన అట్టి నోటు దొరకినచో కడుగరాదు, ఇస్త్రీ చేయరాదు, ప్లాస్టిక్ అంటింపరాదు, జిగురు పూయరాదు. మడతలు, పిన్నుల రంధ్రములు దాని ప్రయాణపు గుర్తులు. వేరొక కాగితముపై ఆ నోటు ఏ యూరిలో, ఎవరి చేతినుండి, ఏ లావాదేవీలో ఇంటికి వచ్చెనో పెద్దల నడిగి వ్రాసి, దానితో కూడ దాచవలెను. ధర సూచించు పుస్తకములు అంగడిలో దొరకును గాని, ఆ వివరము చెప్పగల పెద్దలు ఏటేట తగ్గిపోవుచున్నారు.