భూటాన్ ప్లాన్ చేస్తున్నారా? ముందు మన ధనబోడు సంగతి వినండి

మేళ్లచెరువు నుంచి మాట్లాడుతున్నా. మొన్న కోదాడలో డిగ్రీ అయిపోయిన తమ్ముళ్లు నలుగురు కలిసి ఒక మెసేజ్ పెట్టారు: "అన్నా, భూటాన్ పోదామనుకుంటున్నాం. మనకు వీసా అక్కర్లేదంట కదా, ఎంత అవుద్ది?" చెప్తా. కాకపోతే మనది చరిత్ర చెప్పుకునే చోటు కాబట్టి, ఖర్చు కూడా చరిత్ర దారిలోనే చెప్తా. అక్కడ మీరు కట్టే రూపాయి వెనకాల రెండున్నర వందల ఏళ్ల కథ ఉంది. ఆ కథలోకి మన కృష్ణ ఒడ్డు కూడా వస్తుంది, చూడండి.

మొదట ఆ రూపాయి. భూటాన్‌లో ఉన్నన్ని రాత్రులు, రాత్రికి మనిషికి 1,200 రూపాయలు ప్రభుత్వానికి ఫీజు కట్టాలి. ఇది భారతీయులకు. ఇతర దేశాల వాళ్లకు 100 డాలర్లు. రూము, తిండి, బండి దీంట్లో రావు, అవన్నీ వేరే. నలుగురు ఐదు రాత్రులు ఉంటే 24,000 ఒక్క ఫీజుకే పోతుంది. "కొండలు చూడటానికి ఇంతా?" అనిపిస్తుంది. మనాలికో, సిక్కింకో పోతే ఇట్లా రాత్రికి ఇంత అని ఎవరూ అడగరు కదా.

అడగడానికి వాళ్లకు కారణం ఉంది. 1774లో ఈస్టిండియా కంపెనీ తరఫున జార్జ్ బోగల్ అనే యువకుడు భూటాన్ మీదుగా టిబెట్‌కు వెళ్లాడు. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ అతనికి ఒక సరదా పని చెప్పాడు: ఆగిన ప్రతి చోటా బంగాళాదుంపలు నాటుకుంటూ పొమ్మని. ఇప్పుడు భూటాన్ రైతుకు డబ్బు తెచ్చే పంటల్లో ఆలుగడ్డ ఒకటి. అంటే మొదటి చుట్టం మర్యాదగానే వచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లు తుపాకులతో వచ్చారు. 1864లో యుద్ధం, 1865లో సించులా ఒప్పందం. కొండల కింద భూటాన్ అజమాయిషీలో ఉన్న డువార్స్ అనే సారవంతమైన నేలంతా బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది. బదులుగా ఏటా కొంత సొమ్ము ఇస్తామన్నారు, 50,000 రూపాయల దాకా. మీరు రైల్లో హాసిమారా దగ్గరికి వచ్చేసరికి కిటికీ అవతల పచ్చగా తేయాకు తోటలు కనిపిస్తాయి. అందరూ వీడియో తీసుకుంటారు. ఆ తోటలున్నది అప్పుడు పోయిన నేలలోనే. చుట్టం వచ్చి పొలం రాయించుకుని పోయాక ఎవరైనా ఏం చేస్తారు? తలుపు మూసుకుంటారు.

ఎంత గట్టిగా మూసుకున్నారంటే, 1958 సెప్టెంబరులో మన ప్రధాని నెహ్రూ భూటాన్ పోవడానికి కారు దారి లేదు. ఆయన సిక్కిం నుంచి నాథూలా దాటి, టిబెట్‌లోని చుంబీ లోయలో దిగి, అక్కడి నుంచి గుర్రాల మీద, నడిచి పారో చేరాడు. ఇందిరాగాంధీ కూడా వెంట ఉంది. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. మనం పారో ఎయిర్‌పోర్టులో లగేజీ ఆలస్యమైందని విసుక్కుంటాం!

ఆ మరుసటి ఏడే టిబెట్‌లో తిరుగుబాటు జరిగింది, దలైలామా ఇండియా వచ్చేశాడు. పక్కింట్లో ఏం జరిగిందో చూసిన భూటాన్ రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ దక్షిణం వైపు తలుపు తెరిచాడు. 1961లో మన బోర్డర్ రోడ్స్ వాళ్లు 'దంతక్' పేరుతో పని మొదలుపెట్టారు, ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూకు దారి వేశారు. కొండ చరియలు విరిగిపడి, ప్రమాదాలు జరిగి దంతక్ పనుల్లో ఇన్నేళ్లలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ దారి మీదే ఇప్పుడు మన టూరిస్టు బండ్లు పోతున్నాయి. 1971లో భూటాన్ ఐక్యరాజ్య సమితిలో చేరింది. 1974లో నాలుగో రాజు పట్టాభిషేకం అయింది, ఆ ఏడే విదేశీ టూరిస్టులను రానిచ్చారు. ఏడాది మొత్తానికి వచ్చింది 287 మంది. మన ఊళ్లో శివరాత్రి జాతరకు ఒక్క ట్రాక్టరు వరసలో అంతకంటే ఎక్కువ మంది దిగుతారు.

2019కి వచ్చేసరికి ఆ లెక్క 3 లక్షల 15 వేలు దాటింది. అందులో 2 లక్షల 30 వేల మంది మనవాళ్లే. దేశం మొత్తం జనాభానే ఎనిమిది లక్షలు లేదు. ఇతర దేశాల వాళ్లు రోజుకు ఇంతని ముందే కట్టి వచ్చేవారు, మనకు మాత్రం అప్పటికి ఏ రుసుమూ లేదు. ఆ అక్టోబరులో దోచులా కనుమ దగ్గర మన దేశం నుంచి బైకు మీద వెళ్లిన ఒకాయన నిచ్చెన వేసుకుని ఒక చోర్తెన్ పైకెక్కి ఫొటోకు నిలబడ్డాడు. పోలీసులు పట్టుకున్నారు, భూటాన్ సోషల్ మీడియా మండిపోయింది. మరుసటి ఏడాదే మనకు 1,200 రుసుము చట్టం వచ్చింది. ఆ ఒక్క ఫొటో వల్లే చట్టం వచ్చిందని నేననను, జనం రద్దీ మీద చర్చ అప్పటికే నడుస్తోంది. కానీ ఆ ఫొటో అక్కడివాళ్ల మనసులో ఎట్లా నాటుకుపోయి ఉంటుందో ఊహించుకోండి. దోచులాలో ఉన్న 108 చోర్తెన్లు మామూలు గోపురాలు కావు. 2003 డిసెంబరులో అస్సాం మిలిటెంట్ల క్యాంపుల మీద భూటాన్ సైన్యం చేసిన దాడి తర్వాత, అందులో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా రాణి కట్టించినవి.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. చోర్తెన్ అంటే ఏంది? స్తూపం. మాట వేరే, వస్తువు అదే. మరి స్తూపం మనకు కొత్తదా?

మేళ్లచెరువు నుంచి బండి మీద గంట, గంటంపావులో జగ్గయ్యపేట. ఊరి పాత పేరు బేతవోలు. అక్కడ ధనబోడు అనే గుట్ట ఉంది. ధనం ఉందనుకుని జనం పెట్టుకున్న పేరు. ఉన్నది మాత్రం స్తూపం. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో వేసిన శాసనం అక్కడే దొరికింది. ఇంకో చిన్న శాసనం ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సుమారు ఆరో శతాబ్దం లిపి. చంద్రప్రభుడు అనే ఆయన బుద్ధ విగ్రహం పెట్టించి, తన గురువు జయప్రభాచార్యుడనీ, ఆ గురువుకు గురువు నాగార్జునాచార్యుడనీ రాయించుకున్నాడు. కాలం చూస్తే ఈయన ఆ మహా నాగార్జునుడు కాకపోవచ్చు. అయినా ఆ పేరు ఈ గట్ల మీద ఎంతకాలం బతికిందో చూడండి.

ఆ మహా నాగార్జునుడు శాతవాహన రాజుకు ఒక స్నేహితుడికి రాసినట్టు రాసిన లేఖ, 'సుహృల్లేఖ', శతాబ్దాల పాటు నిలిచింది టిబెటన్, చైనా అనువాదాల్లో. భూటాన్ మఠాల్లో చదువుకునే కుర్ర సన్యాసులు ఇప్పటికీ ఆయన శూన్యవాదం మీద వాదించుకుంటారు. గోడ మీద బొమ్మల్లో తల వెనకాల పాములు పడగ విప్పి ఉన్న ఆచార్యుడు కనిపిస్తే ఆగి చూడండి, ఆయనే. లాసా దగ్గర 1416లో కట్టిన డ్రెపుంగ్ అనే పెద్ద మఠం ఉంది. ఆ పేరుకు అర్థం వడ్ల రాశి. మన ధాన్యకటకం, అంటే అమరావతి, పేరును టిబెటన్‌లోకి మార్చి పెట్టుకున్నదే అది. బుద్ధుడు కాలచక్రం బోధించింది ధాన్యకటకంలోనే అని వాళ్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రం జరిపితే హిమాలయాల నుంచి వేలమంది వచ్చారు.

దారి ఒకవైపే నడవలేదు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఒక ఉపాసిక, రాణి కాదు, చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది, వీరపురుషదత్తుడి 14వ ఏట. ఏయే దేశాల వాళ్లకు ధర్మం చెప్పిన భిక్షువుల కోసం కట్టించిందో అందులో వరసగా ఉంటుంది: కాశ్మీరం, గాంధారం, చీనా, తర్వాత చిలాత. చిలాత అంటే కిరాతులు, హిమాలయపు కొండ జనం. పదిహేడు వందల ఏళ్ల కింద కృష్ణ ఒడ్డున ఉన్న ఒక గృహిణికి ఆ కొండవాళ్లు లోకం అవతలి వాళ్లు కాదు.

మరి మనం ఏం చేశాం? అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాతి మీద. ఊరి జనం ఆ పలకల్లో చాలావాటిని పగలగొట్టి కాల్చి సున్నం చేసుకున్నారు. మిగిలినవి లండన్, చెన్నై చేరాయి. ఆ రాతి పట్టీయే మన మేళ్లచెరువు దాకా ఉంది, అందుకే ఇక్కడ సిమెంటు కొలుములు. స్తూపం చుట్టూ ఎటు తిరగాలో భూటాన్‌లో మూడేళ్ల పిల్లకు తెలుసు. మనకూ తెలిసినట్టే, శంభులింగేశ్వర స్వామి గుడి చుట్టూ ఎటు తిరుగుతామో అటే.

ఇంతా చెప్పి భూటాన్‌ను స్వర్గం చేసి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. 'ఆనందాల దేశం' అన్న పేరు వెనక ఇంకో సంగతి ఉంది. దక్షిణాన నేపాలీ మాట్లాడే లోత్‌షంపాలు అని ఉంటారు. 1985 పౌరసత్వ చట్టం, ఆ తర్వాత అందరికీ ఒకే వేషం, ఒకే భాష అన్న పట్టుదల, అరెస్టులు. 1990 తర్వాత రెండు మూడేళ్లలో దాదాపు లక్షమంది ఇల్లూ పొలం వదిలి నేపాల్‌లోని ఝాపా వైపు శిబిరాల్లో పడ్డారు. దాదాపు ఇరవై ఏళ్లు వెదురు గుడిసెల్లో ఉన్నారు. తర్వాత ఎక్కువమందిని అమెరికా తీసుకుంది. ఒహాయోలోని కొలంబస్‌లో మన తెలుగు పిల్లలు కొనుక్కునే కిరాణా కొట్లో పక్క వరసలో నిలబడేది వాళ్లే కావచ్చు. గైడ్ ఈ సంగతి చెప్పడు. చెప్పలేదని తప్పు పట్టొద్దు, కానీ మీకు తెలిసి ఉండాలి.

ఇక ప్లాన్. ఆధార్ చెల్లదు. ఆరు నెలలు గడువున్న పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ కావాలి. వీసా లేదు, పర్మిట్ మాత్రం ఉంది. కోల్‌కతా దాకా రైలు, అక్కడి నుంచి హాసిమారా, ఆ తర్వాత జైగావ్ దాటి ఫుంట్‌షోలింగ్. లేదంటే కోల్‌కతా నుంచి పారోకు విమానం. మన రూపాయి అక్కడి ఙుల్ట్రమ్‌తో సమానం, చిన్న నోట్లు చెల్లుతాయి. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ బుక్ చేసేముందు భూటాన్ టూరిజం శాఖ సైటులో ఒకసారి చూసుకోండి.

తిండి బెంగ వద్దు. ఎమా దాట్షీ అని ఒక కూర, మిరపకాయలే కూరగాయ, జున్నులో ఉడికిస్తారు. మన కారానికి తగ్గదు. ఒక్కటే: 2016లో పురుగుమందు అవశేషాలు దొరికాయని మన దేశపు పచ్చిమిర్చిని వాళ్లు ఆపేశారు. మిర్చి పండించే ఇళ్ల పిల్లలు మీరు, అక్కడ మార్కెట్లో ఆ మాట ఎవరైనా ఎత్తితే ఏం జవాబు చెప్తారో ఆలోచించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూ దాకా దారిలో ఉన్న కోటల గురించి మాట్లాడుకుందాం.