లిమక్స్

లిమక్స్ అనునది జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ తన కార్యాలయ కంప్యూటర్ల కొరకు రూపొందించుకొన్న లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్. ఆ మార్పు కొరకు చేపట్టిన పథకమునకు కూడ ఇదే పేరు. లినక్స్, మ్యూనిక్ అను పదముల కలయికతో ఈ పేరు ఏర్పడినది.

నేపథ్యము

నగర కార్యాలయములలోని సుమారు 14,000 కంప్యూటర్లు విండోస్ ఎన్.టి. 4.0 పై పనిచేసేవి. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియనుండుటచే మార్పు తప్పనిసరి అయినది. 2003లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయముగా మేయరు క్రిస్టియన్ ఊడెను కలిసినను, ఆ సంవత్సరము మే నెలలో నగర సభ లినక్స్ వైపే మొగ్గినది. 2004 జూన్‌లో ఆ నిర్ణయము ఖరారైనది. ఒకే సంస్థపై ఆధారపడకుండుట దీని ముఖ్యోద్దేశము.

అమలు

కంప్యూటర్ల మార్పిడి 2006లో మొదలైనది. లిమక్స్‌కు తొలుత డెబియన్, తరువాత ఉబుంటు ఆధారము. ఓపెన్ ఆఫీస్, పిదప లిబ్రె ఆఫీస్ వాడబడినవి. అన్నిటికంటె కష్టమైన పని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుట కాదు. వివిధ శాఖలు ఏళ్ళ తరబడి తయారు చేసుకొన్న వేలాది నమూనా పత్రములను, మాక్రోలను తిరిగి వ్రాయుట. ఇందుకై నగర సిబ్బంది వోల్‌మక్స్ అను ఉపకరణమును నిర్మించి, స్వేచ్ఛా సాఫ్టువేరుగా విడుదల చేసిరి. విండోస్‌పై మాత్రమే నడిచే ప్రత్యేక సాఫ్టువేర్ల కొరకు కొన్ని కంప్యూటర్లను మార్చకుండ ఉంచిరి. 2013లో పథకము ముగియునాటికి 14,800 పైగా కంప్యూటర్లు లిమక్స్‌కు మారినవి.

ఖర్చుపై వివాదము

కోటి యూరోలకు పైగా ఆదా అయినదని 2012లో నగరము ప్రకటించినది. మైక్రోసాఫ్ట్ కోరికపై హెచ్.పి. సంస్థ తయారు చేసిన అధ్యయనము దీనితో విభేదించినది. ఆ లెక్కలను నగరము అంగీకరించలేదు.

విరమణ

2014లో డీటర్ రైటర్ మేయరైన పిమ్మట లిమక్స్‌పై విమర్శలు పెరిగినవి. బయటి కార్యాలయములతో పత్రములను ఇచ్చిపుచ్చుకొనుటలో చిక్కులు, పాత కూర్పులే కొనసాగుట అందు ముఖ్యమైనవి. అయితే 2016లో యాక్సెంచర్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారము అసలు లోపము కంప్యూటరు విభాగముల వ్యవస్థీకరణలో ఉన్నది. వేర్వేరు శాఖలకు వేర్వేరు సాంకేతిక సిబ్బంది, వేర్వేరు పద్ధతులు ఉండుటచే మరమ్మతులు, నవీకరణలు ఆలస్యమయ్యేవి. ఆ లోపము ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చినంత మాత్రమున తొలగునది కాదు. అయినను 2017 నవంబరులో నగర సభ విండోస్‌కు మరలుటకే తీర్మానించినది.

2020లో నగర పాలన చేపట్టిన గ్రీన్ పార్టీ, సోషల్ డెమోక్రాట్ల కూటమి, వీలైనంతవరకు స్వేచ్ఛా సాఫ్టువేరునే వాడవలెనని తన ఒప్పందములో చేర్చినది.

ఇవి కూడా చూడండి

* లినక్స్
* ఉబుంటు
* లిబ్రె ఆఫీస్
* స్వేచ్ఛా సాఫ్టువేరు