మద్రాసు రేవులో ఎక్కిన ట్రూరో ఓడ

1860 అక్టోబరు 12న మద్రాసులో ట్రూరో ఓడ లంగరెత్తింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులోంచి 342 మంది దిగారు. ఎక్కువమంది తమిళులు, తర్వాత తెలుగువాళ్లు. డర్బన్ ఉన్న బ్రిటిష్ వలస నేటాల్‌లోని చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు మరి.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1833లోనే చట్టం వచ్చింది. రెండు కోట్ల పౌండ్ల పరిహారం కూడా ఇచ్చారు, బానిసలకు కాదు, యజమానులకు! డబ్బైతే ముట్టింది గానీ చెరకు నరికేదెవరు? దొరల చూపు మనదేశం మీద పడింది. 1834లోనే మారిషస్‌కు కూలీల ఓడలు మొదలయ్యాయి. తర్వాత గయానా, ట్రినిడాడ్, ఫిజీ.

నేటాల్ ఒప్పందం చదివి వినిపిస్తే తీయగానే ఉండేది. అయిదేళ్ల పని, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు, తిండి, వసతి. మెలికంతా లోపల ఉంది. పాసు లేకుండా తోట దాటితే నేరం. పనికి రాకపోతే జీతం కోత, జైలు. ఓడ జాబితాలో ప్రతి కూలీకీ ఒక నంబరు ఉండేది. దాని పక్కనే తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఇష్టపడే వచ్చారని యజమానుల వాదన. అక్షరం రానివాడి నిశానీని ఇష్టం అనడం శుద్ధ దగా.

గడువు తీరినా విడుదల లేదు. ఊరికి తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందానికి కట్టుబడకుండా అక్కడే ఉండాలంటే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. నెలకు పది, పద్నాలుగు షిల్లింగులు చూసినవాడికి అది నెలల కష్టం! 1913లో బొగ్గు గనుల కూలీలు, తోట కూలీలు వేలాదిగా గాంధీ వెంట సమ్మెకు దిగాకే, మరుసటేడు ఆ పన్ను పోయింది. అప్పటికి నేటాల్‌కు చేరినవాళ్లు సుమారు లక్షా 52 వేలు.

ఇదంతా పాత కథే అనుకోవడానికి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 అంచనా ప్రకారం ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన ఉదంతంలో, డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లిన మన కుర్రాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, ఆన్‌లైన్ మోసాలు చేయించారు. అప్పుడు పాసు, ఇప్పుడు పాస్‌పోర్టు. తాళం మాత్రం యజమాని దగ్గరే.

విదేశీ ఉద్యోగం ఇప్పిస్తానని ఏజెంటెవరైనా గుమ్మం ఎక్కితే, డబ్బు చేతిలో పెట్టేముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. 1983 వలస చట్టం ప్రకారం అది లేనివాడు మనుషుల్ని పంపడం నేరం.